వర్డ్ మెనూలా, రైటర్ మెనూలా: లాప్‌టాప్ మారేవాళ్లకు ఏది మేలు?

బెంగళూరులో ఉద్యోగం మారితే కంపెనీ లాప్‌టాప్ తిరిగిచ్చేయాలి. చేతికి అలవాటైన మెనూలూ దానితోనే పోతాయి. అందుకే ఇక్కడి తెలుగువాళ్లు తరచూ అడిగే "వర్డా, లిబ్రేఆఫీస్ రైటరా (వర్డ్‌లాంటి ఉచిత ప్రోగ్రామ్)?" అనే ప్రశ్నకు ఒక్క లెక్కే చూడాలి: మార్చుకున్న మెనూలు కొత్త మెషీన్‌కి తేలిగ్గా వస్తాయా?

మెనూలు మార్చుకునే స్వేచ్ఛలో మాత్రం రైటర్‌కు పోటీయే లేదు. రైటర్‌లో టూల్స్, కస్టమైజ్ తెరిస్తే మెనూలు, రైట్ క్లిక్ మెనూలు, టూల్‌బార్లు, కీబోర్డు అన్నీ అక్కడే ఉంటాయి. ఎడమ జాబితాలో కమాండ్ ఎంచుకుని బాణం నొక్కితే మెనూలో చేరుతుంది. అక్కర్లేనిది తీసేయొచ్చు, పేరూ మార్చుకోవచ్చు. వర్డ్ 2007లో పాత మెనూల బదులు రిబ్బన్ (పైన ఉండే బటన్ల పట్టీ) వచ్చినప్పుడు ఆప్షన్స్‌లో క్విక్ యాక్సెస్ టూల్‌బార్ (తరచూ వాడే బటన్ల చిన్న వరస) ఒక్కటే మన చేతిలో ఉండేది. రిబ్బన్‌ని సర్దుకునే వీలు 2010లో వచ్చింది. ఇప్పటికీ కొత్త బటన్ పెట్టాలంటే ముందు న్యూ గ్రూప్ (బటన్ల కొత్త గుంపు) చేసుకోవాల్సిందే. వర్డ్‌తో వచ్చిన గ్రూపులోంచి ఒక్క బటన్‌ని తీయడం కుదరదు. గ్రూపు మొత్తం తీసేసి, కావలసినవాటితో సొంత గ్రూపు కట్టుకోవాలి. రైట్ క్లిక్ మెనూ మార్చాలంటే మాక్రో (వర్డ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) రాయాలి.

అయితే వాట్సాప్ నుంచి తెలుగు తెచ్చి అతికించేవాళ్లకు క్విక్ యాక్సెస్ టూల్‌బార్ బాగా పనికొస్తుంది. అక్షరాలను మాత్రమే అతికించే పేస్ట్ కమాండ్‌ని మొదటి స్థానంలో పెడితే ఆల్ట్+1 చాలు. వరస మారితే అంకె కూడా మారుతుంది, అది గుర్తుండాలి.

ఇక అసలు విషయం. వర్డ్ ఆప్షన్స్‌లోని కస్టమైజ్ రిబ్బన్ పేజీ కింద ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ ఉంది. రిబ్బన్, క్విక్ యాక్సెస్ టూల్‌బార్ రెండూ ఒకే ఫైల్‌లోకి వస్తాయి. కానీ కీబోర్డు షార్ట్‌కట్లు, మాక్రోలు అందులో ఉండవు, అవి మామూలుగా నార్మల్ టెంప్లేట్‌లో (కొత్త డాక్యుమెంట్లకు వర్డ్ వాడే మూల ఫైల్‌లో) ఉంటాయి. ఆ టెంప్లేట్ తేకుండా ఇంపోర్ట్ చేస్తే మాక్రో బటన్ కనిపిస్తుంది, నొక్కితే మాక్రో దొరకలేదంటుంది. పైగా ఇంపోర్ట్ చేయగానే కొత్త మెషీన్‌లో అప్పటికే చేసుకున్న మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కాబట్టి ముందు ఇంపోర్ట్, తర్వాతే కొత్త మార్పులు.

రైటర్‌లో మార్పుల్ని ఫైల్‌గా దాచుకునే సేవ్ బటన్ కీబోర్డు షార్ట్‌కట్లకే ఉంది. మిగతావాటికి విండోస్‌లో ఈ దారిలోని ఫోల్డర్ కాపీ చేసుకోవాలి: యాప్‌డేటా, రోమింగ్, లిబ్రేఆఫీస్, 4, యూజర్, కాన్ఫిగ్. (వెర్షన్ ఎంత పెరిగినా ఆ ఫోల్డర్ పేరు 4 గానే ఉంది, చూసి కంగారు పడొద్దు.) అందులోని ఎస్ఆఫీస్.సీఎఫ్‌జీ (soffice.cfg) ఫోల్డర్‌లో మెనూలు, టూల్‌బార్లు కలిసే ఉంటాయి. కాపీ చేసేటప్పుడు లిబ్రేఆఫీస్ పూర్తిగా మూసి ఉండాలి. చూడ్డానికి మొరటు పద్ధతే గానీ, మార్చుకున్న మెనూలు, టూల్‌బార్లు వెనకబడిపోవు కాబట్టి నా ఓటు దీనికే.

దీనికీ ఒక తిరకాసుంది. మెనూని ఒకసారి మార్చాక రైటర్ మొత్తం మెనూ బార్ నకలునే దాచుకుంటుంది. తర్వాతి వెర్షన్లో కొత్త కమాండ్ వస్తే అది మీ మెనూలో కనిపించకపోవచ్చు. అప్పుడు డిఫాల్ట్‌కి తెచ్చి మళ్లీ సర్దుకోవాలి. మెనూ బాగా చెడిపోతే హెల్ప్ మెనూలోని సేఫ్ మోడ్‌లో ఇంటర్‌ఫేస్ మార్పులు రద్దు చేసుకోవచ్చు.

గూగుల్ డాక్స్‌లో ఉన్న మెనూలు కదలవు. యాప్స్ స్క్రిప్ట్‌తో (గూగుల్ ఇచ్చే ప్రోగ్రామింగ్ సాధనం) కొత్త మెనూ ఒకటి చేర్చుకోవచ్చు, అంతే.

కంపెనీ మెషీన్‌లో సొంతంగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోతే వర్డ్‌తోనే సర్దుకోవాలి. అప్పుడు ఎక్స్‌పోర్ట్ ఫైల్, నార్మల్ టెంప్లేట్ రెండూ నోటీస్ పీరియడ్‌లోనే, కంపెనీ అనుమతించే దారిలో బయటికి తీసుకోండి. చివరి రోజు మధ్యాహ్నానికే లాగిన్ ఆగిపోయే ఆఫీసులు చాలానే ఉన్నాయి.