పేగు ఆపరేషన్‌కు ముందు షుగర్: మూడు నెలలు ఆగడమా, ఆ వారాన్ని కాచుకోవడమా?

నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి పేగు ఆపరేషన్ కోసం చెన్నైకి వచ్చి, ఆసుపత్రి దగ్గర గది అద్దెకు తీసుకుని దిగే తెలుగు కుటుంబాలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: హెచ్‌బీఏ1సీ (షుగర్ సగటును చూపే రక్తపరీక్ష) 9 శాతం దాటి ఉంటే అది దిగేదాకా ఆగాలా, వెంటనే ఆపరేషన్ చేయించుకుని షుగర్‌ను వార్డులోనే అదుపు చేసుకోవాలా?

ఆగమనే మాటలో బలముంది. అత్యవసరం కాని ఆపరేషన్లకు అది 8 లోపు ఉండడం మేలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచిస్తోంది. ఐలియాస్టమీ (మలం బయటికి పోయేలా చిన్నపేగును పొట్ట మీదికి తెరిచిన దారి) మూసివేత వంటివాటికి నేనూ ఆగమనే చెబుతాను. అయితే ఆ పరీక్ష రెండు మూడు నెలల సగటును చూపేది గనుక, దించడానికీ దాదాపు అంత కాలమే పడుతుంది. పేగును మూసేస్తున్న క్యాన్సర్‌కు అంత గడువు లేదు.

నా దృష్టిలో ఫలితాన్ని ఎక్కువగా తేల్చేది ఆపరేషన్ తర్వాతి వారం. పేగు చివరలను కలిపి కుట్టిన చోట పాత కొలాజెన్ (కణజాలాన్ని పట్టి ఉంచే ప్రోటీన్) కరుగుతూ, కొత్తది ఇంకా పట్టు దొరకని తొలి మూడు నాలుగు రోజులు అతుకు భారమంతా దారాల మీదో పిన్నుల మీదో ఉంటుంది. సరిగ్గా అప్పుడే షుగర్ పెరిగితే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి, కొత్త కొలాజెన్ ఆలస్యమవుతుంది. అందుకే నోటితో తిననన్నాళ్లూ నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి పరీక్షిస్తూ, ఇన్సులిన్‌తో 140–180 మధ్య ఉంచడాన్నే నేను గట్టిగా కోరతాను. ఇంకా దించితే ఇంకా మంచిదనుకోవడం ప్రమాదం: ఐసీయూ రోగులలో 81–108 లక్ష్యంగా పెట్టుకున్న నైస్‌–షుగర్ అధ్యయనంలో మరణాలు పెరిగాయని 2009లోనే తేలింది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. వాటిని కనీసం మూడు రోజుల ముందు ఆపకపోతే, షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పెరిగే ముప్పుంది.

పేగును అతికేది స్టేప్లర్ పిన్నులతోనా, చేతికుట్టుతోనా అన్నది సర్జన్ అనుభవానికి వదలడం మంచిది. పురీషనాళంలో బాగా కిందుగా అతుకు పడితే తాత్కాలిక ఐలియాస్టమీ, ఆ అతుకు లీకైతే కలిగే హానిని తగ్గిస్తుంది.

తేదీ ఖాయం చేసుకునే ముందు సర్జన్‌ను ఒక్కటి అడగండి: రెండో రోజు రాత్రి రెండు గంటలకు షుగర్ 260 చూపిస్తే, ఇన్సులిన్ మోతాదు మార్చే బాధ్యత ఎవరిది?