బోరు నీళ్ల ఇంటికి ఏ గీజర్? మా 15 లీటర్ల స్టోరేజ్ గీజర్ రివ్యూ

విజయవాడలో గీజర్ కొనడానికి వెళ్తే షాపులో ముందు స్టార్లు చూపిస్తారు. నేనైతే ముందు మీ ఇంటికొచ్చే నీళ్లు చూసుకోమంటాను. మాది పోరంకి వైపు అపార్ట్‌మెంట్, వాడేవి మొత్తం బోరు నీళ్లే, కుళాయిల చుట్టూ, షవర్ రంధ్రాల్లో తెల్లగా సున్నం కట్టేస్తుంది. గీజర్ లోపల కాయిల్ మీద కూడా అదే పేరుకుంటుంది, అప్పుడు వేడి నీళ్లకి సరిగ్గా అందదు, కాయిల్ తొందరగా పోతుంది.

మేం పెట్టించుకున్నది 15 లీటర్ల స్టోరేజ్ గీజర్, 2 కిలోవాట్లు, లోపల గ్లాస్ కోటింగ్ ఉన్న ట్యాంకు. ముఖ్యంగా మా అత్తయ్యగారి కోసం కొన్నాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కార్తీక మాసంలో తెల్లవారకముందే స్నానం చేయాలి, చన్నీళ్లు అస్సలు పడవు. 60 డిగ్రీలకి కాగిన 15 లీటర్లలో చన్నీళ్లు కలుపుకుంటే ఒంటికి హాయిగా ఉండే నీళ్లు 35 లీటర్ల దాకా వస్తాయి, అంటే ఇంచుమించు రెండు బకెట్లు. కాగడానికి 20 నిమిషాల లోపే పడుతుంది, కరెంటు 0.6 యూనిట్ చొప్పున ఖర్చవుతుంది. బకెట్ స్నానాలు చేసే చిన్న కుటుంబానికి ఇది చాలు. షవర్ కింద ఎక్కువసేపు నిలబడేవాళ్లుంటే మాత్రం 25 లీటర్లది తీసుకోండి.

స్టార్ల సంగతి కూడా చెప్పాలి. కాగిన నీళ్లు ట్యాంకులో ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందనేదాన్ని బట్టి స్టార్లు ఇస్తారు. స్నానానికి ముందు స్విచ్ వేసి, అవగానే ఆపేసే మనలాంటి ఇళ్లలో ఆ తేడా పెద్దగా తెలియదు, రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్లకి బాగా తెలుస్తుంది. అందుకే ఎక్కువ స్టార్ల కోసం పెట్టే డబ్బు మంచి ట్యాంకు మీద, మీ ఏరియాకి వచ్చే సర్వీసు మీద పెట్టడమే మేలు.

అసలు అడగాల్సింది ఆనోడ్ రాడ్డు గురించి. ట్యాంకు తుప్పు పట్టకుండా తను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ అది, ఉప్పు ఎక్కువున్న నీళ్లలో ఇంకా తొందరగా అరిగిపోతుంది. ఏలూరు రోడ్డులో ఒక షోరూంలో దాని గురించి అడిగితే సేల్స్ అబ్బాయి వెంటనే మాట మార్చి రంగులు చూపించడం మొదలుపెట్టాడు, అక్కడి నుంచి వచ్చేశాం. మెకానిక్‌తో ఏటా ఒకసారి విప్పించి రాడ్డు చూపించుకోండి, సున్నం కడిగించండి. థర్మోస్టాట్ కూడా 55 దగ్గర పెట్టుకుంటే సున్నం తక్కువ కడుతుంది, మేం అలాగే వాడుతున్నాం.

సోలార్ మంచిదే కానీ మేడ మన సొంతమై ఉండాలి. గుంటూరు బ్రాడీపేటలో మా అక్కావాళ్లది ఇండిపెండెంట్ ఇల్లు, మనుషులు ఎక్కువ, వాళ్లకి బాగా కలిసొచ్చింది. ఇద్దరు ముగ్గురుండే ఇంటికి నేను చెప్పను, ఎందుకంటే మన దగ్గర వేడినీళ్లు నిజంగా కావాల్సింది ఆ చలి నాలుగు నెలలే, మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లే కాలిపోతుంటాయి.

గ్యాస్ గీజర్ చవక అని మూసి ఉండే బాత్రూంలో మాత్రం దయచేసి పెట్టించకండి. గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు, స్నానానికి వెళ్లిన మనిషి అక్కడే స్పృహ తప్పి ప్రాణాల మీదికి వస్తుంది. బకెట్లో వేసే హీటర్ రాడ్డు కూడా పిల్లలున్న ఇంట్లో వద్దనే చెప్తాను.

ఫిట్టింగ్ రోజు దగ్గరుండి చూసుకోండి. 16 ఆంప్స్ సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాల్సిందే, పాత ఇల్లయితే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. నీళ్లు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటాయి, లీకేజీ అనుకుని టెన్షన్ పడి దానికి మూత బిగించేవాళ్లున్నారు, అలా అస్సలు చేయకూడదు, వేడికి పెరిగిన ఒత్తిడి బయటికి పోవాల్సిన దారి అదే. మేం దానికి సన్న పైపు తగిలించి గోడ వెంట కిందికి దింపించాం, నేల తడవడం లేదు.