రెండు అరల కంపోస్టు టంబ్లర్: మిద్దెతోటలో పనితీరు

చిన్న మిద్దెతోటకు టంబ్లర్, అంటే తడి చెత్తను తిప్పుతూ ఎరువుగా మార్చే డ్రమ్ము, కొనేవాళ్లు ముందుగా చూడాల్సింది అరలు. ఒకే అర ఉన్నది కొనవద్దు. అందులో రోజూ కొత్త తొక్కలు పడుతూనే ఉంటాయి కాబట్టి లోపలి సరుకు ఎన్నటికీ ఒక్క తీరుగా మాగదు. రెండు అరలుంటే ఒకటి నింపుతూ, నిండినదాన్ని మూసి వదిలేయవచ్చు. ఈ యంత్రానికి పెట్టే డబ్బంతా ఆ వదిలేసే వీలు కోసమే.

ఇక్కడ చెబుతున్నది 140 లీటర్ల రకం గురించి. నల్లటి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ పలకలతో ఎనిమిది ముఖాల డ్రమ్ము, మధ్యలో అడ్డుపలక, అటూ ఇటూ చెరో 70 లీటర్ల అర, నడిమధ్యన ఇరుసుగా ఇనుప గొట్టం, గొట్టపు కాళ్ల స్టాండు. రెండున్నర అడుగుల చదరం చోటు, మూడడుగుల ఎత్తు సరిపోతాయి. నలుగురున్న ఇంట్లో వంటింటి తడి చెత్త, కుండీల్లోంచి కోసిన కొమ్మా రెమ్మా దీనికి సరైన మేత. పెరట్లో పెద్ద చెట్లుండి బస్తాలకొద్దీ ఆకులు రాలేవాళ్లకు ఇది చాలదు. వాళ్లకు నేలమీద ఇటుకల తొట్టే మేలు.

బిగించడానికి ఇద్దరు మనుషులు, గంటన్నర సమయం కావాలి. పలకలన్నీ కూర్చేదాకా ఏ బోల్టునీ పూర్తిగా బిగించవద్దు. ముందే బిగిస్తే చివరి పలక రంధ్రాలు కలవవు. పవర్ డ్రిల్లు వాడితే ప్లాస్టిక్ మరలు అరిగిపోతాయి, చేతి స్పానరే మంచిది. అడ్డుపలక అంచుల్లో వేలు దూరేంత సందు మిగిలిందేమో చూడండి. ఆ సందులోంచి పచ్చి సరుకు రసం మాగుతున్న అరలోకి దిగితే రెండు అరల ప్రయోజనమే పోతుంది. మామూలు ఇనుప బోల్టులు లోపలి తేమకు తుప్పు పడతాయి కనుక అదే కొలత స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించుకోవడం మంచిది. స్టాండు కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెడితే మిద్దె మీది వాటర్‌ప్రూఫ్ పూత చెడదు.

నింపే కొలత. మొదటిరోజు అరలో ఒక బకెట్ ఎండుటాకులు, రెండు కిలోల పాత కంపోస్టు గానీ సగం ఆరిన పశువుల పేడ గానీ వేసి నాలుగు చుట్లు తిప్పండి. ఆ తర్వాత రోజూ ఒక డబ్బా తడి చెత్తకు అదే డబ్బాతో రెండు డబ్బాల ఎండుటాకులు. ఆకులు చేత్తో నలిపి వేయాలి. టేకు, బాదం, మామిడి ఆకులు ముక్కలు చేయకపోతే మూడు నెలలకీ అలాగే కనిపిస్తాయి. ఆకులు దొరకని నెలల్లో కొబ్బరి పొట్టు అర డబ్బా చాలు, అది నీరు బాగా పీల్చుకుంటుంది. అయితే పొట్టు ఒక్కటే వాడితే గాలి ఆడదు, కార్డుబోర్డు ముక్కలు గానీ ఎండిన పుల్లలు గానీ కలపాలి. కూరగాయల తొక్కలు అంగుళం, రెండంగుళాల ముక్కలుగా ఉండాలి. టీ పొడి, ఉల్లిపొట్టు, నలిపిన గుడ్డు పెంకులు, దారం తీసేసిన బంతిపూలు, వినాయక చవితి పత్రి అన్నీ పనికొస్తాయి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, మొక్కజొన్న కండెలు వేయకండి. ఊరగాయ అడుగులు, నూనె మరకల కూరలు, మాంసం, ఎముకలు కూడా వద్దు. మిగిలిన అన్నం గుప్పెడు మించకూడదు. ఎందుకో కింద చెబుతాను.

అర ముప్పాతిక వంతుకు వచ్చాక ఆపేయాలి. నిండా కూరితే తిప్పినా లోపలి సరుకు దొర్లదు, గుత్తంగా డ్రమ్ముతోపాటే తిరుగుతుంది. ముప్పాతిక నిండిన ఒక్క అరే పాతిక నుంచి ముప్పై కిలోలు తూగుతుంది. తడి ముద్ద అడుగున పేరుకుంటే డ్రమ్ము సగం దాకా వచ్చి మళ్లీ వెనక్కి జారిపోతుంది. పెద్దవాళ్లకు ఇది కష్టమే, కొనేముందు ఈ సంగతి ఆలోచించాలి.

తిప్పడం రెండు రోజులకోసారి, ఐదారు చుట్లు. ఎక్కువ తిప్పితే ఎరువు త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. 70 లీటర్ల సరుకులో వేడి నిలవడమే కష్టం, పదేపదే తిప్పితే ఉన్న కాస్త వేడీ పోతుంది. పైగా టంబ్లర్ల అసలు జబ్బు మొదలవుతుంది: ఉండలు కట్టడం. తడి ఎక్కువై, సరుకు మెత్తగా ఉంటే తిప్పినకొద్దీ సున్నుండల్లా చుట్టుకుపోతుంది. అన్నం, మెత్తటి పిండి పదార్థాలు ఆ ఉండలకు జిగురు. పైకి నల్లగా ఎరువులా కనిపించే ఉండని విరిచి చూస్తే లోపల పచ్చి తొక్కలు పుల్లటి వాసన కొడుతుంటాయి. గాలి అందదు కాబట్టి అవి అలాగే ఉండిపోతాయి. చిన్న పారతో ఉండలన్నీ చిదిపి, ముతక ఆకులు, వేలెడంత పుల్లలు ఒక బకెట్ కలిపి, వారం పాటు తిప్పడం ఆపండి.

తేమ చూడటానికి పిడికిలి పరీక్ష మించినది లేదు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఆకులు, పొడిగా రాలిపోతే నీళ్లు. ముక్కు పొడిచే ఘాటు వస్తే పచ్చి సరుకు ఎక్కువైనట్టు, కుళ్లిన గుడ్డు వాసనొస్తే గాలి చాలనట్టు. రెండింటికీ మందు ఎండుటాకులే. చీమలు చేరితే లోపల ఎండిపోయిందని అర్థం. వానాకాలంలో లావుపాటి బూడిదరంగు పురుగులు కనిపిస్తే కంగారు పడకండి. అవి నల్ల సైనిక ఈగ పిల్లలు, తొక్కల్ని వేగంగా తినేస్తాయి, మొక్కల్ని ముట్టవు. అవి విపరీతంగా పెరిగాయంటే మాత్రం తడి తగ్గించాలి. మామిడి పండ్ల రోజుల్లో, పుచ్చకాయల రోజుల్లో డబ్బాకు మూడు డబ్బాల ఆకులు వేయకపోతే చిన్న ఈగలు ముసురుతాయి.

ఎండ సంగతి ఈ డ్రమ్ము తయారుచేసినవాళ్లు మన ఊళ్లను చూసి ఆలోచించింది కాదు. నల్లరంగు చలిదేశాల్లో వేడి పట్టడానికి ఉపయోగం. హైదరాబాదులోనో విజయవాడలోనో ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద అదే రంగు సరుకును ఎండబెట్టేస్తుంది. ఆ రెండు నెలలూ గ్రీన్‌నెట్ నీడలో పెట్టి, వారానికి రెండుసార్లు అరలో అర లీటరు నీళ్లు చిలకరించాలి. వానల్లో గాలి రంధ్రాల్లోంచి నీరు దిగుతుంది కనుక పైన రేకు ముక్క కప్పండి, పక్కలు మాత్రం మూయకండి. కింద కారే గోధుమరంగు నీటికి తొట్టి పెట్టకపోతే గచ్చు మీద మరక పోదు. ఆ నీళ్లు వర్మివాష్ (వానపాముల ఎరువు నుంచి తీసే ద్రవం) కాదు, నేరుగా మొక్కలకు పోయకండి. ఎండుటాకుల మీద చల్లి తిరిగి అరలోకే పంపండి.

కొన్ని ప్రకటనల్లో రెండు వారాల్లో ఎరువు తయారని రాస్తారు. అంత తొందరగా వచ్చేది సగం ఉడికిన సరుకు. అర నిండడానికి నాలుగైదు వారాలు, మూసి తిప్పుతూ ఉంచడానికి ఐదారు వారాలు, బయటికి తీసి గోనెసంచిలో నీడన మాగడానికి మరో మూడు నాలుగు వారాలు లెక్క వేసుకోండి. చివరి మెట్టు ఎగ్గొడితే వేర్లు దెబ్బతింటాయి. మాగిందో లేదో తేల్చుకోవాలంటే చిన్న గ్లాసులో ఆ ఎరువు, మట్టి సమంగా కలిపి పది మెంతులు చల్లండి. వారంలో ఎనిమిదైనా మొలిచి ఆకుపచ్చగా నిలబడితే వాడవచ్చు. టమాటా మొక్కలు వాటంతటవే మొలవడం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంత చిన్న డ్రమ్ములో గింజలు చచ్చేంత వేడి ఎక్కువ రోజులు నిలవదు. అందుకే తెగులు పట్టిన మొక్కలు, తుంగ గడ్డలు, గరిక వేర్లు ఇందులో వేయకూడదు.

ఎలుకలు చేరకపోవడం, వాసన గది దాకా రాకపోవడం, వంగి పారతో తిరగేసే పని తప్పడం దీని మంచి గుణాలు. ఇదే పని చేసే ఇటుక తొట్టి కన్నా ఇది ఖరీదే. అయినా అద్దె ఇంటి మిద్దె మీద, పక్కవాళ్ల కిటికీ పక్కన, దీనికే నా ఓటు. ముప్పాతిక నిండిన అర నుంచి చివరికి 15 నుంచి 20 లీటర్ల ఎరువు వస్తుంది. జల్లెడ పట్టి 12 అంగుళాల కుండీకి నెలకు రెండు గుప్పిళ్లు వేయండి, జల్లెడలో మిగిలిన ముతక సరుకును కొత్తగా నింపే అరకు తోడుగా దాచుకోండి.