హాస్టల్ వంటగదికి రైతు బజారు: ఎంతమందికి సరిపోతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

ఇంటికి రెండు కిలోలు కొనుక్కునేవాళ్లు రైతు బజారు గురించి చాలానే రాశారు. ఈ వ్యాసం వాళ్ల కోసం కాదు. హాస్టల్ మెస్, ఆసుపత్రి క్యాంటీన్, వృద్ధాశ్రమం, కార్యాలయ భోజనశాల లాంటి చోట్ల రోజూ కూరగాయలు కొనే బాధ్యత ఉన్నవాళ్ల కోసం. చుట్టుపక్కల ఊళ్ల పంట కొనాలనుకునే సంస్థకు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఇప్పటికే నడుస్తున్న దారుల్లో రైతు బజారే అన్నిటికన్నా దగ్గరిది. తీర్పు ముందే చెప్పేస్తాం: రెండు మూడు వందల మందికి వండే చోటికి చాలా మంచిది. వెయ్యి మందికైతే ఇప్పుడున్న పద్ధతిలో పనికిరాదు.

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఏర్పాటిది. దళారీ లేడు, కమీషన్ లేదు. గుర్తింపు కార్డున్న రైతు తన పంట తెచ్చి తానే అమ్ముకుంటాడు. ధర రోజూ పొద్దున బోర్డు మీద రాస్తారు. టోకు ధరకన్నా పావు వంతు ఎక్కువ, బయటి చిల్లర ధరకన్నా పావు వంతు తక్కువ ఉండాలన్నది మొదటినుంచీ ఉన్న లెక్క. బజారు నిర్వహణ ఎస్టేట్ ఆఫీసర్‌ది. సంస్థ తరఫున వెళ్లేవాళ్లు మొదట పరిచయం చేసుకోవాల్సింది ఆయనతోనే, రైతులతో తర్వాత.

"టోకు కన్నా పావు వంతు ఎక్కువ" అనగానే మెస్ మేనేజర్లు హైదరాబాద్‌లోని బోయినపల్లి లాంటి పెద్ద టోకు మార్కెట్‌ వైపు చూస్తారు. కాగితం మీద అది చవకే. లెక్క చివరిదాకా వేయండి. టోకున కిలో 20 రూపాయల చొప్పున 50 కిలోల వంకాయ బస్తా 1,000 రూపాయలు అనుకుందాం. హమాలీ, ఆటో వాటా కలిపి 120. బస్తా అడుగున నలిగినవి, పుచ్చులు నాలుగు కిలోలు పోయాయనుకుంటే మిగిలింది 46 కిలోలు. అంటే కిలో 24 రూపాయల పైమాటే. బోర్డు ధర 25 అయితే, ఏరుకుని తెచ్చుకున్న సరుకుకు తేడా రూపాయి లోపు. పుచ్చు వంకాయలు కోసి పారేసే వంటవాళ్ల గంటన్నర పని ఈ లెక్కలో లేదు.

అయితే రైతు బజారులో కొన్నదంతా స్థానికం అనుకోవద్దు. బంగాళాదుంప, క్యారెట్, అల్లం, వెల్లుల్లి లాంటి దూరప్రాంతపు సరుకు చాలా చోట్ల మహిళా సంఘాల స్టాళ్లలో ఉంటుంది. అది లారీలో వచ్చిన సరుకే, దాన్ని బయట కొన్నా ఒకటే. అసలు చిక్కు రైతు కార్డుతో కూర్చునే వ్యాపారులది. గుర్తుపట్టడం కష్టం కాదు. రైతు బల్ల మీద రెండు మూడు రకాలే ఉంటాయి. కాయలు ఒక్క సైజులో ఉండవు, బెండకాయ పక్కన నాలుగు ముదురు కాయలు కూడా కనిపిస్తాయి. ఒకే బల్ల మీద దొండ, క్యాప్సికం, క్యాలీఫ్లవర్, బీట్‌రూట్ సహా పన్నెండు రకాలు అందంగా పేర్చి ఉంటే అది ఒక పొలంలో పండింది కాదు. "మళ్లీ కోత ఎప్పుడు?" అని అడిగి చూడండి. బెండ వేసినవాడు రోజు విడిచి రోజు అంటాడు, తోటకూర వేసినవాడు మడి లెక్క చెబుతాడు. వ్యాపారి "ఎప్పుడు కావాలన్నా ఉంటుంది" అంటాడు.

పరిమాణం దగ్గరే ఈ సేవ బలం, బలహీనత రెండూ తేలిపోతాయి. రెండు పూటల కూర, సాంబారు ముక్కలు కలిపి మనిషికి 200 గ్రాములు వేసుకుంటే 200 మందికి 40 కిలోలు. తొక్క, తొడిమ పోయేది కలిపితే 48 నుంచి 50 కిలోలు కొనాలి. ఈ తరుగు అన్నిటికీ ఒకటి కాదు. బెండ, దొండలకు పదో వంతు, బీరకాయకు ఐదో వంతు పోతుంది. గోంగూర, తోటకూర కాడలు తీస్తే దాదాపు సగమే మిగులుతుంది. (బడి మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల్లో 50 గ్రాములు, ఆపై తరగతుల్లో 75 గ్రాముల కూరగాయలు అన్న కొలత ఒక్క పూటది. దాన్ని హాస్టల్‌కు వాడేసి కూర చాలలేదనేవాళ్లు ఉన్నారు.) 50 కిలోలంటే ముగ్గురు నలుగురు రైతుల దగ్గర దొరికిపోతుంది, ఎవరి బల్లా ఖాళీ కాదు. అదే వెయ్యి మందికి 250 కిలోలు. ఏడింటికల్లా అంత సరుకు ఎత్తుకుపోతే వెనకొచ్చిన జనానికి ఏమీ మిగలదు, ఎస్టేట్ ఆఫీసర్ అభ్యంతరం చెబుతాడు. చెప్పడం న్యాయమే, అది ఇళ్లవాళ్ల కోసం పెట్టిన బజారు.

పెద్ద వంటగదులకు దారి లేకపోలేదు. వారం ముందు ఇండెంట్ (ఏ సరుకు ఎంత కావాలో రాసిన చీటీ) ఇచ్చి, బల్ల మీద పెట్టే సరుకు కాకుండా అదనంగా కోసుకురమ్మని ఐదారుగురు రైతులకు చెప్పుకోవాలి. ఇది నడవాలంటే మెనూ మారాలి. "సోమవారం బీరకాయ, మంగళవారం క్యాలీఫ్లవర్" అని ఏడాది పొడుగునా గోడకు అంటించే మెనూ స్థానిక కొనుగోలుకు మొదటి శత్రువు. దాని బదులు "సోమవారం తీగకూర, మంగళవారం ఆకుకూర పప్పు, బుధవారం వంకాయ లేదా బెండ లేదా గోరుచిక్కుడు" అని రాసుకోవాలి. తీగకూరంటే బీర, సొర, పొట్ల, దొండ, కాకరల్లో ఆ వారం ఏది విరగకాస్తే అది. 2023 జులైలో టమాటా ధర ఆకాశానికంటినప్పుడు ఆంధ్రప్రదేశ్ రైతు బజార్లలో కిలో 50కి రాయితీ కౌంటర్లు పెట్టారు. అవి ఇళ్లవాళ్ల క్యూలు. అలాంటి నెలల్లో మెస్‌కు దిక్కు చింతపండు, గోంగూర, నిమ్మకాయ. రసం నుంచి టమాటా తీసేస్తే ఎవరూ అలగరు. టమాటా పచ్చడి తీసేస్తేనే గొడవ.

తూకం విషయంలో మంచి మార్కులే వేయాలి, కానీ కళ్లు మూసుకోకూడదు. ఎలక్ట్రానిక్ కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఆ ఏడాదిదా కాదా చూడండి. పది కిలోలకు మించిన సరుకు చిన్న కాటా మీద ముక్కలు ముక్కలుగా తూస్తే, ప్రతిసారీ సంచి బరువు చేరుతూ పోతుంది. ఖాళీ క్రేటు మీరే తీసుకెళ్లి దాని బరువు ముందు సున్నా చేయించండి. ఆకుకూరలు కట్టల లెక్కన అమ్ముతారు, కట్ట సైజు కాలాన్ని బట్టి మారుతుంది. ఐదు కట్టలు తూయించి సగటు తీసుకుంటేనే ఎన్ని కట్టలు కావాలో తెలుస్తుంది. నీళ్లు బాగా చల్లిన కట్టలైతే దులిపి తూయించండి.

టమాటా గోనెసంచిలో తెస్తే అడుగుది గుజ్జే, ప్లాస్టిక్ క్రేటు తప్పదు. మూడు రకాలుగా ఏరించండి: ఆ రోజుకు పండినవి, రెండో రోజుకు దోరవి, నాలుగో రోజుకు పచ్చివి. రోజూ వెళ్లలేని సంస్థ వారానికి రెండుసార్లతో సరిపెట్టుకోవచ్చు. వంకాయ, బెండ, దోసకాయలను కోల్డ్ రూంలో కూరొద్దు. 7 డిగ్రీల కిందకు వెళితే మచ్చలు పడి మెత్తబడతాయి. వాటికి గాలి తగిలే నీడ, కప్పిన తడి గోనె చాలు.

పురుగుమందుల సంగతిలో మాత్రం రైతు బజారు పేరు చూసి ఏ హామీ తీసుకోవద్దు. దగ్గర్లో పండిందంటే మందు కొట్టలేదని కాదు. వంకాయ, బెండ, క్యాలీఫ్లవర్, పచ్చిమిర్చి మీద పిచికారీలు ఎక్కువ. ములగ, కంద, అరటి, గుమ్మడి లాంటివాటికి బాగా తక్కువ. ఉప్పునీళ్ల కడుగుడు పైపొరదే తీస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని రైతు బజార్లలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు వేరే స్టాళ్లున్నాయి, అక్కడ మొదలుపెట్టడం మేలు. సర్టిఫికెట్ కావాలంటే చిన్న రైతులకు అందుబాటులో ఉన్నది పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) అనే సేంద్రియ ధ్రువీకరణ. కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి అది. ఆ కాగితంలో ఏ పంటలు, ఏ తేదీ వరకు అన్నది చదవండి. వరికి ఉన్న సర్టిఫికెట్ చూపించి వంకాయ అమ్మితే కుదరదు.

ఇక బిల్లులు. ఈ సేవకు అన్నిటికన్నా తక్కువ మార్కులు ఇక్కడే. రైతు బిల్లు ఇవ్వడు, ఇవ్వలేడు. తాజా కూరగాయలకు జీఎస్టీ లేదు, సాగుదారుకు ఆ నమోదూ అక్కర్లేదు. అయినా ఆడిటర్‌కు కాగితం కావాలి. పనికొచ్చే పద్ధతి ఇది: సంస్థే ఒక కొనుగోలు వోచర్ పుస్తకం అచ్చు వేయించుకోవాలి. అందులో తేదీ, రైతు పేరు, కార్డు నంబరు, ఊరు, సరుకు, తూకం, ఆ రోజు బోర్డు ధర, చెల్లించిన మొత్తం, సంతకం ఉండాలి. ధరల బోర్డు ఫొటో రోజూ తీసి జత చేయాలి. "ఇంతకే ఎందుకు కొన్నారు?" అన్న ప్రశ్నకు ఆ ఫొటోయే జవాబు, మూడు కొటేషన్లకన్నా గట్టిది. ప్రైవేటు సంస్థలకు ఇంకో సందేహం ఉంటుంది: ఒకరికి ఒక రోజు 10,000 దాటిన నగదు చెల్లింపును పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరు కదా అని. పండించిన రైతుకే నేరుగా ఇస్తే ఆ పరిమితికి మినహాయింపు ఉంది, వ్యాపారికి ఇస్తే లేదు. కార్డు నంబరు రాయించుకోవడం ఇందుకు కూడా పనికొస్తుంది.

45 రోజుల తర్వాత చెక్కు ఇచ్చే సంస్థలు అసలు ఇటు రాకపోవడమే మంచిది. మర్నాడు కూలీలకు ఇవ్వాల్సిన డబ్బది. పది రోజుల కొనుగోలుకు సరిపడా ఇంప్రెస్ట్ (ఖర్చుల కోసం ముందే ఇచ్చి ఉంచే సొమ్ము) మేనేజర్ చేతిలో ఉంచి, ఫోన్ చెల్లింపుతో అక్కడికక్కడే ఇచ్చేస్తే మంచి కాయ మీకోసం పక్కన పెడతారు.

ఇండెంట్ పద్ధతి ఎక్కువగా చెడేది సెలవుల దగ్గర. సంక్రాంతికి హాస్టల్ ఖాళీ అవుతుంది, సరిగ్గా అప్పుడే కూరగాయలు విరగకాస్తాయి. వంకాయ చెట్టు మీద ఆగదు. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల తేదీలు, పరీక్షల్లో మనుషులు తగ్గే వారాలు రైతుకు మూడు వారాల ముందే రాసివ్వాలి. అలా చేయకుండా ఒక్కసారి 60 కిలోలు వెనక్కి పంపిన సంస్థకు తర్వాతి వారం బల్ల మీద మిగిలిన సరుకే దొరుకుతుంది.