నీటిని పరీక్షించాలా, అడుగు బురదనా?

భీమవరం మీదుగా పారే యనమదుర్రు డ్రెయిన్‌లో సీసం వంటి భారలోహాలను వెతకడానికి నీటి నమూనా తేలిక: 0.45 మైక్రాన్ల పొరలో వడగట్టి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2 కన్నా తగ్గించి మూత బిగిస్తే చాలు. అయితే ఆ సీసాలో ఉన్నది ఆ ఒక్క ఘడియ నీరే.

అడుగు బురద అలా కాదు. గోదావరి తెచ్చిన బంకమట్టి రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ల పూత ఉంటుంది. ఆ ఉపరితలానికి సీసమూ ఫాస్ఫేటూ అతుక్కుని ఏళ్ల తరబడి పేరుకుంటాయి. గోధుమరంగు పైపొరను వేలితో కదిపితే కింద నల్లని బురద, కుళ్లిన గుడ్డు వాసన తగులుతాయి. ఆక్సిజన్ అందని ఆ చోట ఇనుము క్షయకరణం చెంది (ఎలక్ట్రాన్లను పొంది) కరుగుతూ, తాను పట్టి ఉంచిన ఫాస్ఫేటును మళ్లీ నీటిలోకి వదిలేస్తుంది. ఆరబెట్టి, జల్లించి, ఆమ్లంలో మరిగించే శ్రమ ఉన్నా, కాలువ గతం తెలియాలంటే నేను బురదనే ఎంచుకుంటాను. తాగునీటి విషయంలో మాత్రం నీటి పరీక్షకే ఓటు, ఎందుకంటే సీసానికి లీటరుకు 0.01 మిల్లీగ్రాముల పరిమితి ఆ నీటికే వర్తిస్తుంది.