ఏళ్లుగా ఫాస్టాగ్ వాడాక: స్టిక్కర్‌కు మంచి మార్కులు, లెక్కలకు కోత

2021 ఫిబ్రవరిలో ట్యాగ్ లేని బండికి రెట్టింపు టోల్ మొదలవకముందే నా కారుకు ఫాస్టాగ్ ఉంది. హైదరాబాద్, విజయవాడ మధ్య తరచూ తిరుగుతాను కాబట్టి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్లు మూడూ బాగా అలవాటు. ఇన్నేళ్ల వాడకంలో నాకు తేలింది ఒకటే. రేడియో తరంగాలతో ట్యాగ్ చదివే పని దాదాపు ఎప్పుడూ సరిగ్గానే జరుగుతుంది, తంటా అంతా దాని వెనకున్న ఖాతాలతోనే.

ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదు. గేటు పైనున్న రీడర్ 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో తరంగాలు పంపుతుంది, ఆ శక్తితోనే చిప్ తన నంబరు చెబుతుంది. అందుకే ఎండలకు మాడుతూ అద్దానికి ఏళ్లపాటు అంటుకుని ఉన్నా అందులో పాడయ్యేది పెద్దగా లేదు. ట్యాగ్ రీడ్ కావట్లేదంటే ముందు అద్దాన్ని అనుమానించండి. వేడి ఆపడానికి లోహపు పూత వేసిన అద్దాలు, ఫిల్ములు ఈ తరంగాలను అడ్డుకుంటాయి.

రాయి తగిలి నా కారు ముందు అద్దం మార్చాల్సి వచ్చింది. పాత ట్యాగ్ ఒలిచి మళ్లీ అంటించడం కుదరదు, పీకితే లోపలి యాంటెన్నా చిరిగిపోయేలా చేస్తారు. దొంగతనంగా వేరే బండికి పెట్టకుండా ఆ ఏర్పాటు, సబబే. కానీ ఒక బండికి ఒకే ట్యాగ్ అనే నియమం వల్ల పాతది మూసి, ఆర్సీ మళ్లీ అప్‌లోడ్ చేసి, కొత్తది వచ్చేదాకా ఆగాలి. అద్దం మార్చే రోజుకల్లా ఈ పని అయ్యేలా చూసుకుంటే టెన్షన్ ఉండదు.

అసలు విసుగు డబ్బు తప్పుగా కట్ అయినప్పుడు. ఒక గేటు దగ్గర స్క్రీన్ మీద రాలేదని సిబ్బంది నా బండి నంబరు టైప్ చేసి పంపారు. ట్యాగ్ అప్పటికే రీడ్ అయిందని తర్వాత మెసేజ్‌లు చూస్తే తెలిసింది. ఒకే గేటుకు రెండుసార్లు కోత! గేటు వాళ్లు "బ్యాంకును అడగండి సార్" అన్నారు, బ్యాంకు వాళ్లు "టోల్ వాళ్లు ఒప్పుకోవాలి సార్" అన్నారు. ట్యాగ్ ఇచ్చే బ్యాంకు ఒకటి, టోల్ వసూలు చేసే బ్యాంకు ఇంకొకటి, మధ్యలో యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ లెక్క కలుపుతుంది. కాబట్టి గేటు దగ్గర వాదించి లాభం లేదు. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి, బ్యాంకు యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టాను. డబ్బు తిరిగొచ్చింది, కాకపోతే వారాలు పట్టింది.

క్యూలు తగ్గాయా అంటే మామూలు రోజుల్లో బాగా తగ్గాయి. సంక్రాంతికి పంతంగి దగ్గర మాత్రం ట్యాగూ ఏం చేయలేదు. చిప్ రీడ్ అవడానికి క్షణం చాలు, కానీ ముందు కారు ట్యాగ్ వాలెట్‌లో డబ్బు లేకపోవడంలాంటి కారణంతో బ్లాక్‌లిస్ట్‌లో ఉంటే కర్ర లేవదు, వెనకున్న లైనంతా ఆగిపోతుంది. 2025 నవంబర్ 15 నుంచి ట్యాగ్ పనిచేయకపోతే యూపీఐతో 1.25 రెట్లు కట్టి పోవచ్చు, ఆ నియమం వచ్చినప్పుడు నగదైతే రెట్టింపే. ఇది కొంత నయం.

2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాస్ నాకు బాగా నచ్చింది. వచ్చినప్పుడు కారుకు 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. మా దారిలో ఒక్కో గేటు ఒక్కో ట్రిప్పు. అంటే పోయిరావడానికి ఆరు, ఆ ధర లెక్కన గేటుకు 15 రూపాయలు పడింది. పండక్కి మాత్రమే ఊరెళ్లేవాళ్లకు దండగ. నెలకు రెండుసార్లు వెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ట్యాగ్ ఛాసిస్ నంబరు మీదే ఉంటే పాస్ ఇవ్వరు, ముందు రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కించుకోవాలి. ఈ పాస్ జాతీయ రహదారులకే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కితే ఎంత దూరం తిరిగారో అంత టోలూ మామూలుగా వాలెట్ నుంచే పోతుంది. అందుకే పాస్ ఉన్నా అందులో ఐదారొందలు ఉంచుతున్నాను.