మొదట ఏ సొనాటా: ‘పథెటిక్’, ‘మూన్‌లైట్’?

పియానో సాధకులను తరచుగా వేధించే ఈ ప్రశ్నలో ఖర్చు ప్రసక్తి లేదు. రెండు సొనాటాలూ (పలు భాగాలున్న వాద్య రచనలు) జర్మన్ స్వరకర్త బీథోవెన్‌వే; ఆయన రచనలకు కాపీరైట్ లేదు.

1799లో అచ్చయిన ‘పథెటిక్’ సి మైనర్ స్వరశ్రేణిలో, మూడు ఫ్లాట్లతో (స్వరాన్ని అర స్వరం తగ్గించే గుర్తులు) నడుస్తుంది. 1801 నాటి ‘మూన్‌లైట్’ సి షార్ప్ మైనర్‌లో, నాలుగు షార్పులతో (అర స్వరం పెంచే గుర్తులు).

‘పథెటిక్’ మొదటి భాగంలో ఎడమచేతి అష్టక కంపనాలు (ఒకే స్వరపు కింది, పై స్థాయిలను వేగంగా మార్చి మార్చి వాయించడం) మణికట్టును అలసిపోయేలా చేస్తాయి, కానీ ఎ ఫ్లాట్ మేజర్‌లోని నడిమి భాగం పాటలా సాగి సేదదీరుస్తుంది.

‘మూన్‌లైట్’ నెమ్మదైన ఆరంభంతో కొత్తవారిని ఊరిస్తుంది. రెండవ భాగం డి ఫ్లాట్ మేజర్‌కు మారినా, పియానోపై ఆధార స్వరం అదే మెట్టు కనుక, షడ్జం కదలకుండా రాగం మారినట్టే వినిపిస్తుంది. అసలు ప్రమాదం మూడవ భాగపు వేగంలో ఉంది.

ఒక్క భాగంతో తృప్తిపడేవారికి ‘మూన్‌లైట్’ చాలు. మూడింటినీ పూర్తిచేయదలచినవారికి, నా దృష్టిలో, ‘పథెటిక్’ మేలు.